కడలి లోతుకు దామగుండం కబురు

1958 ఆగస్టు 3. ఆర్కిటిక్ సముద్రం పైభాగమంతా మంచు. దాని అడుగున అమెరికా అణు జలాంతర్గామి 'నాటిలస్' ఉత్తర ధ్రువం వైపు సాగుతోంది. లోపల 116 మంది. అందరి ఊపిరీ బిగపట్టి ఉంది. ఇంత ఉత్తరాన మామూలు దిక్సూచిని నమ్మడానికి లేదు. అత్యవసరమైతే పైకి తేలుదామన్నా నెత్తిన మంచు కప్పు. అమెరికా తూర్పు తీర కాలమానం ప్రకారం రాత్రి 11.15 గంటలకు కమాండర్ విలియం ఆండర్సన్ ఓడ సరిగ్గా ధ్రువం కిందుగా దాటింది. ఓడలో ధ్రువాన్ని చేరిన మొదటి మనుషులు వాళ్లే!

ఆ సంగతి లోకానికి చెప్పేదెలా? ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను మింగేస్తుంది. ఆగస్టు 1న అలాస్కా తీరంలో మునిగిన నాటిలస్, 96 గంటల తర్వాత గ్రీన్‌లాండ్ సముద్రంలో తేలాకే 'నాటిలస్ 90 నార్త్' అని కబురు పంపగలిగింది.

తర్వాత సమాచార ఉపగ్రహాలు వచ్చాయి. కానీ భూమధ్యరేఖ మీద దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేవి 81 డిగ్రీల అక్షాంశం దాటితే కనబడవు. ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం ఉపగ్రహాలు ఆ లోటు తీర్చాయి. నీళ్ల కింద మాత్రం అవీ పనిచేయవు. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైల్లో కాసేపు సిగ్నల్ పోతేనే విసుక్కుంటాం. వారాల తరబడి సముద్రగర్భంలో ఉండే నావికుల సంగతేమిటి?

వాళ్లకు దిక్కు 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) రేడియో తరంగాలే. నీటిలో కొన్ని పదుల మీటర్ల లోతుకు దిగుతాయి. మాటలను మోయలేవు, చిన్న సందేశాలనే చేరవేస్తాయి. జలాంతర్గామి వినగలదే గానీ ఆ దారిన బదులివ్వలేదు. ఒక్కో తరంగం పొడవు 10 కిలోమీటర్లకు పైనే. అందుకే ఎత్తైన టవర్లు, విశాలమైన నేల కావాలి.

ఆ నేల మన దామగుండం. 2024 అక్టోబర్ 15న వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని ఈ చోట రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నౌకాదళ వీఎల్ఎఫ్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం తర్వాత దేశంలో ఇది రెండోది.

ఇందుకు ఇచ్చింది సుమారు 2,900 ఎకరాల అడవి. అందులో రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. పశువులు మేసే దారులున్నాయి. మూసీ పుట్టే అనంతగిరి కొండలు ఆ చుట్టుపక్కలే. అడవి పోతే నీళ్లేమవుతాయని పర్యావరణవాదులు హైకోర్టు దాకా వెళ్లారు. ఆ భయం న్యాయమైనదే.

సముద్రం అడుగున దేశాన్ని కాసేవాళ్లకు కబురు అందాలి. ఈ కేంద్రం అవసరమే. అయితే ఏ చెట్టు కొట్టారో, ఎక్కడ ఎన్ని నాటారో, ఎన్ని బతికాయో ఏటా పూడూరు గ్రామసభల ముందు లెక్క చెప్పాలి. గుడి దారి మూయకూడదు. దేశం కోసం అడవిని వదులుకున్న ఊళ్లకు ఆ మాత్రం జవాబు చెప్పడం ప్రభుత్వం బాధ్యత.