కాలనీ సంక్షేమ సంఘం (పొదిలి ప్రాంతం)

ఇళ్ల యజమానులు ఉమ్మడి అవసరాల కోసం ఏర్పరచుకునే సంస్థ ఇది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు కలిసి దీన్ని నమోదు చేయవచ్చు. అంతకుముందు కోస్తా, రాయలసీమల్లో ఈ నమోదుకు 1860 నాటి చట్టం ఆధారంగా ఉండేది. వానలు తక్కువై, బోరు నీటిలో ఫ్లోరైడ్ పీడించే పశ్చిమ ప్రకాశంలో, పొదిలి లాంటి ఊళ్లో, సంఘం అధ్యక్షుడికి అసలు పరీక్ష నీళ్ల దగ్గరే: ట్యాంకర్ ముందు ఏ వీధికి వెళ్లాలి, చందా ఎవరెంత కట్టాలి. కాబట్టి నాయకుడికి పలుకుబడి కన్నా సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పే అలవాటు ముఖ్యం. ఎన్నికైన స్థానిక సంస్థ ఉండగా ఇదెందుకని కొందరంటారు. పన్ను వేసే అధికారం సంఘానికి లేదు, నిజమే. అయితే పది వీధుల గోడును ఒక్క అర్జీగా మార్చే పని అదే చేయగలదు. అద్దెకున్నవారికి సంఘంలో ఓటు లేదన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. ఖాళీ బిందె వాళ్లింట్లోనూ ఉంటుంది. బైలాలోనే వారికి సభ్యత్వం రాయాలి.