రాతి శాసనం నుంచి ముసాయిదా నోటిఫికేషన్ దాకా

ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. గుడిని తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు కట్టించాడని ప్రతీతి. ఆయన పాలించింది క్రీ.శ. 892 నుంచి. తర్వాతి శతాబ్దాల్లో చాళుక్య చోళులు, వెలనాటి చోడులు, వారి రాణులు, మంత్రులు, వర్తకులు తాము చేసిన దానాలను ఇక్కడే చెక్కించారు. వాటిలో చాలామటుకు అఖండ దీపాల కోసం ఇచ్చినవి. ఏ శక సంవత్సరంలో ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎన్ని పశువులిచ్చారు, ఆ పశువులను ఎవరి చేతిలో పెట్టారు, వాళ్లు దీపానికి రోజూ ఎంత నెయ్యి పోయాలి అన్నీ వివరంగా ఉంటాయి. ధర్మం చెరిపినవారికి తగిలే పాపం సంగతి చివర్న ఉంటుంది.

ఇవి చట్టాలు కావు, దానపత్రాలు. అయినా పాలనలో నేటికీ నిలిచిన ఒక పద్ధతి వీటిలో కనిపిస్తుంది. ఒక నిర్ణయం పదిమందినీ కట్టిపడెయ్యాలంటే అది పదిమందీ తిరిగే చోట, తేదీతో, బాధ్యుల పేర్లతో కనబడాలి.

అసలు సిసలు ప్రభుత్వ నియమాన్నే రాతి మీద ప్రకటించిన సందర్భం కావాలంటే మోటుపల్లి రేవుకు వెళ్లాలి. సముద్రంలో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కోవడం ఆ రోజుల్లో మామూలు. ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు వంటి సరుకులకు సుంకాల రేట్లూ అందులోనే ఉన్నాయి. నియమం ఎవరికి వర్తిస్తుందో ఆ వర్తకులు దిగే రేవులోనే దాన్ని నిలబెట్టారు.

దండోరా నుంచి అచ్చు కాగితం

రాయి కదలదు. పల్లెపల్లెకూ కబురు చేర్చింది దండోరా. తహసీలు వసూళ్లు, వేలంపాటలు, కాలువ నీళ్ల విడుదల అన్నీ డప్పు మీదే ఊరికి తెలిసేవి. అచ్చు యంత్రం వచ్చాక ప్రభుత్వం కాగితం మీద మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లండులో లండన్ గెజిట్ 1665లో పుట్టింది. మన వైపు సర్కారు ఉత్తర్వులకు 1832 నుంచి ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ వేదికైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మన రాజపత్రం మనకు వచ్చింది.

దాంతో కొత్త చిక్కొకటి వచ్చిపడింది. డప్పు చప్పుడు వద్దన్నా చెవిన పడుతుంది. గెజిట్ కొని, తెరిచి, చదివేవాడికే తెలుస్తుంది. ప్రకటన జరిగినట్టు రుజువు దొరికింది గానీ, జనానికి తెలిసిందన్న భరోసా పోయింది.

ప్రకటనే లేకపోతే ఏమవుతుందో సుప్రీంకోర్టు 1951లో హర్లా కేసులో తేల్చింది. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో నల్లమందు చట్టాన్ని ఒక తీర్మానంతో చేసేసింది. దాన్ని ఎక్కడా ప్రచురించలేదు. ఆ చట్టం కింద ఒక మనిషికి 50 రూపాయల జరిమానా పడింది. జనానికి తెలిసే దారి లేకుండా గదిలో కూర్చుని చేసిన చట్టంతో ఎవరినీ శిక్షించకూడదని కోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఇలాంటి దెబ్బే అమెరికాకు అంతకుముందే తగిలింది. 1933 నుంచి అక్కడి ఫెడరల్ శాఖలు వేలాది ఉత్తర్వులు జారీచేశాయి. వాటన్నిటినీ ఒకచోట ప్రచురించే పత్రికే లేదు. చమురు ఉత్పత్తికి కోటాలు పెట్టిన నిబంధన మీద కేసు అక్కడి సుప్రీంకోర్టుకెక్కింది. తీరా చూస్తే, 1933 సెప్టెంబరులో చేసిన ఒక సవరణలో అసలు నిబంధనే పొరపాటున ఎగిరిపోయింది. ఆ సంగతి కేసు పెట్టిన ప్రభుత్వానికే చాలాకాలం తెలియలేదు. న్యాయమూర్తులు నివ్వెరపోయారు.

1935లో ఫెడరల్ రిజిస్టర్ చట్టం వచ్చింది. 1936 మార్చి 14న తొలి సంచిక వెలువడింది. 1946లో ఇంకో మెట్టెక్కి, నియమాన్ని ఖాయం చేసే ముందు ముసాయిదాను ప్రచురించాలని, జనం రాసిన అభిప్రాయాలను పరిశీలించాలని చట్టం చేశారు. రాబోయే నెలల్లో ఏ శాఖ ఏ నియమం తేబోతోందో ఏడాదికి రెండుసార్లు ఒకే జాబితాగా వేసే ఆనవాయితీ 1980ల్లో మొదలైంది. 2003 నుంచి శాఖల ముసాయిదాలను చదివి అభిప్రాయం రాయడానికి ఉమ్మడి వెబ్‌సైటు ఉంది. నియమాల రాకపోకలను కనిపెట్టుకుని ఉండటమే అక్కడ కొందరికి వృత్తి అయింది.

మన చట్టంలో ఉన్న కిటికీ

ముందుగా ముసాయిదా చూపించాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్‌లోనే అది ఉంది. మాతృచట్టం ముందస్తు ప్రచురణ కోరినప్పుడు శాఖ ముసాయిదాను ప్రకటించాలి, ఏ తేదీ తర్వాత పరిశీలిస్తారో చెప్పాలి, ఆలోగా వచ్చిన అభ్యంతరాలను చూడాలి. చట్టం కింద శాఖలు చేసే నియమాలను తనిఖీ చెయ్యడానికి లోక్‌సభ 1953లో ప్రత్యేక కమిటీ వేసుకుంది. 2014లో కేంద్రం మరో విధానం తెచ్చి, బిల్లులను, నియమాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని శాఖలకు చెప్పింది. 2015 అక్టోబరు నుంచి భారత రాజపత్రం అచ్చు ఆగి ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తోంది.

ద్రాక్షారామం వాళ్ల మీద ఇలాంటి నోటిఫికేషన్ల ప్రభావం ఎంతో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో తెలుస్తుంది. భీమేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమని, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని చెప్పింది 1992 జూన్ 16 నాటి ఒక గెజిట్ నోటిఫికేషన్. 2010లో పార్లమెంటు దాన్ని చట్టంలోనే చేర్చింది. దీనివల్ల ఆ పరిధిలో పాత ఇంటికి మరమ్మతు చెయ్యాలన్నా, నియంత్రిత ప్రాంతంలో కొత్త గది వెయ్యాలన్నా అనుమతి కావాలి. గుడి నిలవాలంటే అలాంటి కట్టు అవసరమే. ఢిల్లీలో వెలువడిన ఆ కాగితం గురించి ఇంటి యజమానికి పునాది తవ్వాక కాక, అంతకు ముందే తెలియాలి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఈ మాట గుర్తుపెట్టుకుంది. ఒక కట్టడాన్ని జాతీయ ప్రాముఖ్యం కలదిగా ప్రకటించాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలని, దాని ప్రతిని కట్టడం దగ్గర అందరికీ కనబడేలా అంటించాలని నాలుగో సెక్షన్ చెబుతుంది.

సముద్రం వైపు చూసినా ఇదే కథ. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో చెప్పేది తీర నియంత్రణ జోన్ నోటిఫికేషన్. 1991లో మొదటిది, 2011లో రెండోది వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో కొత్త ముసాయిదా పెట్టారు, 2019 జనవరిలో ఖాయం చేశారు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న పల్లెల్లో, తీరప్రాంత ప్రణాళిక ఆమోదం పొందాక, నిర్మాణాలు కూడని పట్టీ 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గుతుంది. ఒక అంకె మారితే వల ఆరేసుకునే చోటు, రిసార్టు లేచే చోటు రెండూ మారిపోతాయి. అభ్యంతరం చెప్పే అవకాశం ఉన్నది ఆ ముసాయిదా గడువులోనే.

కోనసీమలో 2022

ఆ గడువు ఎంత విలువైనదో కోనసీమ ఒకే ఏడాదిలో రెండుసార్లు చూసింది. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం హద్దు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా ముందు ప్రతిపాదన ప్రచురించి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. 2022 జనవరి చివర్లో కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషన్లు వచ్చాయి. 30 రోజుల గడువిచ్చారు. ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ద్రాక్షారామం తూర్పుగోదావరి నుంచి ఈ జిల్లాలోకి వచ్చింది.

జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రాథమిక నోటిఫికేషన్ మే 18న వెలువడింది. మళ్లీ 30 రోజుల గడువు. వారం తిరక్కుండానే, మే 24న, అమలాపురంలో నిరసన హింసగా మారి ఇళ్లు తగలబడ్డాయి. కావాలన్నవారికీ, వద్దన్నవారికీ సంతకం పెట్టి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చే దారి అప్పటికి ఇంకా తెరిచే ఉంది. జూన్ 24న మంత్రివర్గం పేరును ఆమోదించింది. నిప్పు పెట్టిన చేతుల వల్ల నిర్ణయం మారలేదు, ఊరు గాయపడింది.

కనిపెట్టుకుని ఉండేదెలా?

రాష్ట్రంలో జీవోలు చాలా ఏళ్లుగా బహిరంగ వెబ్‌సైటులో దొరికేవి. 2021 ఆగస్టులో వాటిని అక్కడ పెట్టడం ఆగిపోయింది. విషయం హైకోర్టుకెక్కింది. 2024 ఆగస్టులో తిరిగి పెట్టడం మొదలైంది. ఈ మూడేళ్లలో రుజువైంది ఏమిటంటే, చూసే హక్కును ఒక లోపలి మెమోతో తీసెయ్యగలిగితే అది హక్కుగా మిగలదు. జీవోలను జారీ అయిన రోజే జనం ముందుంచాలని చట్టమే చెప్పాలి.

భాష కూడా అంతే ముఖ్యం. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను కేంద్రం ఇంగ్లిషు, హిందీల్లో విడుదల చేసింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించి, గడువును ఆగస్టు 11 దాకా పెంచింది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్న భాషే. గోదావరి జిల్లాల రైతుకూ, మత్స్యకారుడికీ వర్తించే నియమం వాళ్ల భాషలో రావడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం మనందరికీ బాధ కలిగించాలి.

ముసాయిదా చేతికొస్తే మొదట చూడాల్సినవి నాలుగు: ఏ శాఖది, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద తెస్తున్నారు, గడువు ఎప్పటికి తీరుతుంది, అభ్యంతరం ఎవరికి పంపాలి. నోటిఫికేషన్ నంబరు, తేదీ వేసి, ఫలానా క్లాజువల్ల ఫలానా నష్టమని, దానికి బదులు ఇలా మార్చమని తెలుగులోనే రాయవచ్చు. పంపిన రుజువు దాచుకోవాలి. తుది నోటిఫికేషన్ వచ్చాక మన మాటను ఏం చేశారని సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

2019లో పల్లెలకు గ్రామ సచివాలయాలు వచ్చాయి, వాటి గోడకు నోటీసు బోర్డూ ఉంది. ఊరికి వర్తించే ప్రతి ముసాయిదా సారాంశాన్ని తెలుగులో, ఆఖరి తేదీతో ఆ బోర్డు మీద పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే గ్రామసభలో దీన్ని తీర్మానంగా పెట్టించి కలెక్టరుకు పంపితే, మన ఊరి కోసం రాసే నియమంలో మన మాట కూడా ఉండేందుకు అది మొదటి పని అవుతుంది.