బూట్: తోలు పట్టీ నుంచి పెన్‌డ్రైవ్ దాకా

“సిస్టమ్ బూట్ అవట్లేదండి.” అంబాజీపేట కొబ్బరి కొట్లలో చెప్పినా ఈ మాట ఇప్పుడు అందరికీ అర్థమవుతుంది. వినగానే కాలి బూట్లు గుర్తొస్తే తప్పేం లేదు. రెంటికీ మూలం ఒకటే.

బూటును కాలికి లాక్కోవడానికి పైఅంచున ఉండే పట్టీని ఇంగ్లీషులో బూట్‌స్ట్రాప్ అంటారు. తన పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడమన్నది 19వ శతాబ్దంలో అసాధ్యానికి మారుపేరు. కొబ్బరిచెట్టెక్కే మనిషికి పట్టుకోవడానికి మానైనా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు!

కంప్యూటర్‌దీ అదే చిక్కు. ప్రోగ్రామును లోపలికి ఎక్కించాలన్నా ఇంకో ప్రోగ్రాము కావాలి. 1952 నాటి ఐబీఎం 701లో లోడ్ మీట నొక్కితే మొదటి ఆదేశాలు లోపలికొచ్చి, మిగతావాటిని అవే రప్పించుకునేవి. ఈ పద్ధతికి 1950ల్లో బూట్‌స్ట్రాప్ అన్న పేరు వచ్చింది. తర్వాత అది బూట్‌గా కురచైంది.

దుమ్మూ తేమా తట్టుకునే పాత పానసోనిక్ టఫ్‌బుక్ ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ పోయినా పెన్‌డ్రైవ్‌తో లేపవచ్చు. ఎఫ్2 నొక్కి, మెషీన్‌లోనే ఉండే తొలి ప్రోగ్రామైన బయాస్‌లోకి వెళ్లి, బూట్ వరుసలో యూఎస్‌బీని ముందుకు తేవాలి. పాత బయాస్ ఆ డ్రైవ్‌లో మొదటి 512 బైట్లు చదివి, అక్కడున్న చిన్న లోడర్‌కు పగ్గాలిస్తుంది. ఆ లోడర్ లేకుండా ఫైళ్లు కాపీ చేసినంత మాత్రాన పని జరగదు. “పెన్‌డ్రైవ్ బూటబుల్ చెయ్యి” అనేది అందుకే.

తెలుగులో బూట్ ఒంటరిగా క్రియ కాలేదు. అవడం, చేయడం తోడుంటేనే నడుస్తుంది. రీబూట్ మాత్రం సినిమా కథల దాకా పాకింది.