అమీబాలూ, ముదిరిన బెండకాయలూ

హైస్కూల్లో మా జీవశాస్త్రం మాస్టారు ఓ రోజు బోర్డు మీద "అలైంగిక ప్రత్యుత్పత్తి" అని రాసి, కింద అమీబా బొమ్మ గీశారు. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ముందున్న 'అ' ఎవరికీ పట్టలేదు, మిగతా మాటే వినపడింది. అమీబాకి జత అక్కర్లేదనీ, తనంతట తానే రెండుగా చీలిపోతుందనీ, దాన్ని ద్విధా విచ్ఛిత్తి అంటారనీ నోట్సులో రాసుకున్నాం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

పదిహేనేళ్ళ తర్వాత, 2013లో, ఆ మాట మళ్ళీ ఎదురొచ్చింది. అప్పటికి ఖమ్మంలో మా ఇంట్లో నాకు నాలుగు పెళ్ళిచూపులు అయిపోయాయి. నాలుగింటికీ నేనే ఏదో వంక చెప్పాను. బెండకాయ ముదిరినా, బ్రహ్మచారి ముదిరినా పనికిరాడని మా పెద్దమ్మ నా ముందే అనేసింది. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఓ శనివారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తపరీక్షలు చేయించారు. అన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. డాక్టరుగారు రిపోర్టు మడిచి నాకివ్వకుండా అమ్మకిచ్చి, "పెళ్ళి చేసెయ్యండమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు.

సర్దుకోవాల్సింది ఏమిటో నాకూ తెలియని రోజులవి. మనుషులంటే ఇష్టమే. ఒక మనిషి గొంతు కోసం రోజంతా ఎదురుచూడటం తెలుసు. ఒకరితో జీవితం పంచుకోవాలని గట్టిగానే ఉండేది. పక్క పంచుకోవాలన్న ఆలోచన మాత్రం ఎవరిని చూసినా రాలేదు. సాహిత్యంలో వెతుక్కుందామంటే అక్కడా చోటు లేదు. చలం చదివి మా స్నేహితులందరూ ఎక్కడికో తెరుచుకున్నారు, నేను 'మైదానం' మూసేసి, రాజేశ్వరికి అర్థమైంది నాకెందుకు అర్థం కాలేదా అని దిగులుపడ్డాను. మనకి స్వేచ్ఛ అంటే చాలాకాలంగా కోరికని ఒప్పుకునే స్వేచ్ఛ. ఒప్పుకోడానికి కోరికే లేనివాడు ఏ పక్షం కిందికి వస్తాడు?

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి లాప్‌టాప్ ముందు కూచుని, వచ్చీరాని ఇంగ్లీషులో నా సంగతంతా ఒక ప్రశ్నలా టైపు చేశాను. వచ్చిన జవాబుల్లో ఏసెక్సువల్ అన్న మాట ఉంది. నాకు మొదట గుర్తొచ్చింది మాస్టారు గీసిన బొమ్మే. అయితే అలా గుర్తొచ్చినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు. ఈ మనుషుల చరిత్ర మొదలైందే అమీబా పేరుతో.

చరిత్ర అనగానే ఒక చిక్కు. మిగతా లైంగిక మైనారిటీల చరిత్రని చాలావరకు వాళ్ళని శిక్షించినవాళ్ళే రాసిపెట్టారు. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది కాబట్టి కేసులున్నాయి, కేసులున్నాయి కాబట్టి కాగితాలున్నాయి. మావాళ్ళని ఎవరూ పట్టుకోలేదు, జైల్లో పెట్టలేదు. జరగనిదానికి పంచనామా ఉండదు కదా. పెళ్ళి చేసుకోని మేనత్తలూ, కాశీకి పోయిన చిన్నతాతలూ ప్రతి వంశంలోనూ ఉంటారు. వాళ్ళలో ఎవరు నాలాంటివాళ్ళో చెప్పే దారి లేదు. చనిపోయినవాళ్ళకి నా పేరు తగిలించడం నాకిష్టం లేదు కూడా.

ఉన్న కొద్దిపాటి కాగితాల్లోనూ మేం చివరి గడిలో ఉంటాం. 1948లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే మగవాళ్ళ లైంగిక ప్రవర్తన మీద తన పుస్తకం తెచ్చాడు. మనుషుల్ని సున్నా నించి ఆరు దాకా ఒక కొలబద్ద మీద పెట్టాడు. ఆ కొలబద్ద మీద ఎక్కడా ఇమడనివాళ్ళు కొందరు మిగిలారు. వాళ్ళకి 'ఎక్స్' అని గుర్తు పెట్టాడు. వయోజన పురుషుల్లో 1.5 శాతం. ఆ కొలబద్ద ప్రపంచమంతా తిరిగింది, పాటల్లోకీ జోకుల్లోకీ కూడా వెళ్ళింది. 'ఎక్స్' గురించి ఏళ్ళ తరబడి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బడిలో ఎక్స్ అంటే విలువ కనుక్కోవలసినది. ఇక్కడ దాన్ని కనుక్కోకుండానే పేజీ తిప్పేశారు.

1997లో, అంటే మా మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసిన రోజులకి కాస్త అటూ ఇటూగా, జోయీ ఓరైలీ అనే ఆమె తన జీవితాన్ని అమీబా జీవితంగా చెప్పుకుంటూ ఇంటర్నెట్‌లో ఒక వ్యాసం రాసింది. సరదాగా, కొంచెం ఎత్తిపొడుపుగా రాసిన చిన్న ముక్క. దాన్ని చదివినవాళ్ళు నేనూ అంతేనంటూ కింద రాయడం మొదలెట్టారు. ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఒకరి మాట కింద ఒకరు వచ్చి నిలబడ్డారు, అంతే. 2000లో యాహూలో 'మానవ అమీబాల ఆశ్రయం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక గుంపు తయారైంది. ఆ రోజుల్లో ఏసెక్సువల్ అని వెతికితే మొక్కలూ ఏకకణ జీవులూ వచ్చేవి. వీళ్ళు దాన్ని ఖండించకుండా, సరే అమీబాలమే అనుకుని ఇల్లు కట్టుకున్నారు. ఆ వెటకారం నాకు భలే నచ్చుతుంది.

2001లో డేవిడ్ జే అనే కాలేజీ కుర్రాడు, కనెటికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో చదువుకుంటూ, ఏసెక్సువల్ విజిబిలిటీ అండ్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. పొట్టిగా ఏవెన్. అతని తెలివి ఎక్కడుందంటే నిర్వచనంలో. అదే కాలంలో, అసలు కామవాంఛ అన్నదే లేనివాళ్ళకే ఈ పేరు దక్కుతుందనే గట్టి మడి కట్టుకున్న ఇంకో బృందం కూడా ఉండేది. ఏవెన్ మాత్రం, ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగనివాళ్ళు ఏసెక్సువల్ అని ఒక్క వాక్యం చెప్పి, అది నీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవాల్సింది నువ్వేనని వదిలేసింది. ప్రవేశ పరీక్ష లేదు, రక్తపరీక్ష లేదు. డాక్టరు రిపోర్టు నా చేతికి రాకుండా అమ్మ చేతిలోకి వెళ్ళడం చూసివచ్చిన నాకు ఇదెంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు. మడి కట్టుకున్న గుంపు కాలక్రమంలో కనుమరుగైంది, తలుపు తీసిపెట్టిన గుంపు పెరిగింది.

పెరిగేకొద్దీ ఆచారాలూ పుట్టుకొచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి కేకు బొమ్మతో స్వాగతం పలుకుతారు, సెక్సు కన్నా కేకు మేలని పాత జోకు. 2005 నించి కుడిచేతి మధ్యవేలికి నల్ల ఉంగరం పెట్టుకోవడం మొదలైంది. ముంబయి లోకల్‌లోనో లండన్ ట్యూబ్‌లోనో ఒకరినొకరు గుర్తుపట్టడానికి. (హైదరాబాద్‌లో నేను పెట్టుకుంటే మా ఆఫీసులో శని దోషమా అని అడిగారు.) 2010లో నలుపు, బూడిద, తెలుపు, ఊదా రంగుల జెండా వచ్చింది. మధ్యలో కొత్త మాటలు పుట్టాయి. బాగా దగ్గరైన మనిషి మీద మాత్రమే ఆకర్షణ కలిగేవాళ్ళకి డెమీసెక్సువల్ అన్న మాట 2006లో అక్కడి మాటల్లోంచే వచ్చింది. బయటివాళ్ళకి ఇదంతా పేర్ల పిచ్చిలా కనిపిస్తుంది. చుట్టరికాలకి ఇన్ని పిలుపులున్న మనం ఆ మాట అనకూడదేమో.

బయటి ప్రపంచం చెవిన పడింది మాత్రం 2004లో. కెనడాలో బ్రాక్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆంథొనీ బొగార్ట్, వేరే పని కోసం బ్రిటన్‌లో 18 వేల పైచిలుకు మందిని అడిగి నింపిన పాత సర్వే కాగితాలు తిరగేశాడు. అందులో ఎవరి మీదా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదు అన్న గడి కూడా ఒకటుంది. 195 మంది దాని మీద టిక్కు పెట్టారు. సుమారు ఒక శాతం. ఆ 195 మందికీ తమలాంటివాళ్ళు ఇంకో 194 మంది ఉన్నారని తెలీదు. కిన్సే ఎక్స్ తర్వాత అరవై ఏళ్ళకి దగ్గరపడుతుంటే, ఇంకో గడిలో మళ్ళీ మేమే దొరికాం.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగాల జాబితా డీఎస్ఎం ఐదో కూర్పు వచ్చింది. లైంగికాసక్తి తక్కువగా ఉండే రుగ్మతల దగ్గర, తనని తాను ఏసెక్సువల్‌గా చెప్పుకునే మనిషికి ఆ రోగనిర్ధారణ చెయ్యకూడదని అందులో చేర్చారు. ఏవెన్ మనుషులు ముందునుంచీ దీనికోసం పనిచేశారు. నన్ను అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆ ఏడాదే. ఆ వాక్యం ఖమ్మం చేరలేదు.

సరే, పేరు దొరికింది. గుంపు దొరికింది. తోడు? ఇక్కడ లెక్క అడ్డొస్తుంది. వందలో ఒకరు. అందులో నాకు నచ్చే అవకాశమున్నవాళ్ళు సగం. అందులో నా వయసువాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, తమకో పేరుందని తెలిసినవాళ్ళు, ఆ పేరు బయటికి చెప్పుకోగలిగినవాళ్ళు. హైదరాబాదంత ఊళ్ళో కూడా చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే. 2014లో ఓకేక్యూపిడ్ డేటింగ్ సైటు ఏసెక్సువల్, డెమీసెక్సువల్ అనే గడులు చేర్చింది. మన పెళ్ళిసంబంధాల సైట్లలో గోత్రానికి గడి ఉంది, నక్షత్రానికుంది, పాదానిక్కూడా ఉంది. దీనికి లేదు.

ఆ కొత్త గడి పుణ్యాన పుణేలో ఒకామె పరిచయమైంది. ఎనిమిది నెలలు రోజూ మాట్లాడుకున్నాం. రెండుసార్లు కలిశాం. రెండోసారి బస్టాండులో వీడ్కోలు చెబుతూ నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మెల్లిగా వెనక్కి తీసుకుంది. ఆమెకి ఏ స్పర్శా పడదు. నాకు చెయ్యి పట్టుకోవడం కావాలి, సినిమా చూస్తూ భుజం మీద తల వాల్చుకోవడం కావాలి. ఇద్దరం ఒకే గడిలో టిక్కు పెట్టినవాళ్ళమే. ఆ గడి అంత విశాలమైందని నాకు ఆ బస్టాండులోనే అర్థమైంది. తిరుగు ప్రయాణంలో నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నా గురించి ఇన్నాళ్ళూ అందరూ ఊహించుకున్నట్టే, ఆమె గురించి నేనూ అడక్కుండా ఊహించేసుకున్నాను. ఇప్పటికీ పండక్కి మెసేజ్ పెట్టుకుంటాం.

ఇండియాలో ఈ కలయికలకి ఒక చోటు చేసింది ఢిల్లీకి చెందిన డాక్టర్ ప్రగతి సింగ్. 2014లో ఆమె ఇండియన్ ఏసెస్ మొదలుపెట్టింది. 2019లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆమె పేరుంది. ఇంట్లో పెళ్ళి ఒత్తిడి తట్టుకోలేక, సెక్సు అడగని మనిషిని చూసిపెట్టమంటూ జనం ఆమెని అడిగేవాళ్ళు. అమెరికా చరిత్రలో కనిపించని మలుపు ఇది. అక్కడ మొదటి ప్రశ్న నేనెవరిని అని. ఇక్కడ మొదటి ప్రశ్న ముహూర్తంలోగా ఏం చెయ్యాలని.

మమ్మల్ని చట్టం పట్టుకోలేదన్నాను గానీ, పెళ్ళయ్యాక పట్టుకుంటుంది. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నపుంసకత్వం వల్ల కాపురం జరక్కపోతే పెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. 9వ సెక్షన్ ప్రకారం కాపురానికి రమ్మని కోర్టు చేత ఉత్తర్వు ఇప్పించుకోవచ్చు. ఈ రెండోదాన్ని కొట్టేసింది మన హైకోర్టే. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టంలేని మనిషిని ఆ సంబంధంలోకి నెట్టడం ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కునీ ఏకాంతాన్నీ హరించడమేనని తీర్పిచ్చారు. అప్పటికి మా మాట ఇంకా పుట్టలేదు. అయినా మా తరఫున ఇంత స్పష్టంగా వాదించిన పత్రం నేనింకొకటి చదవలేదు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్‌ని నిలబెట్టింది. తమాషా ఏమిటంటే, అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి, దాంపత్యమంటే సెక్సు ఒక్కటే కాదని. 2007లో సమర్ ఘోష్ కేసులో అదే సుప్రీంకోర్టు, సరైన కారణం లేకుండా చాలాకాలం సెక్సుకి నిరాకరించడం మానసిక క్రూరత్వం కిందికి రావచ్చంది. రావడానికి ఒక న్యాయం, వచ్చాక ఇంకో న్యాయం! అవతలి మనిషి కష్టం నేను కాదనను. ఏమీ చెప్పకుండా పెళ్ళి చేసుకుని ఉంటే ఆ నాలుగు పెళ్ళిచూపుల్లో ఏదో ఒక అమ్మాయి నా వల్లే ఆ కోర్టు మెట్లెక్కేది. అందుకే వంకలు చెప్పాను.

యాహూ గుంపుల్లో పేరుకున్న పాత మాటల్ని ఆ కంపెనీ 2019 చివర్లో తొలగించబోతున్నామంది. 2020 డిసెంబరులో మొత్తం మూసేసింది. కాగితాలే లేనివాళ్ళకి ఇరవై ఏళ్ళలో పోగైన కాస్త దస్తరం అది. కొందరు ఓపిగ్గా నకళ్ళు తీసిపెట్టారు కాబట్టి కొంత మిగిలింది.

ప్రేమా పెళ్ళీ కాని, స్నేహానికి మించిన బంధానికి ఈ గుంపుల్లో 2010లో క్వీర్‌ప్లాటానిక్ అనే మాట పుట్టింది. అలాంటి తోడుని వాళ్ళు ముద్దుగా జుకీనీ అంటారు. అది దోసకాయ జాతి కూరగాయ. పెద్దమ్మ నన్ను పనికిరాని బెండకాయని చేస్తే, ఎక్కడో ఎవరో ఇంకో కూరగాయని తోడుగా చేసుకున్నారు. నవ్వొచ్చి అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఇంట్లో నా సంగతి తెలిసింది ఆమెకే.

"అదంతా సరేరా, మరి ముసలితనంలో నీకు తోడెవరు?" అంది.

డేవిడ్ జే సంగతి చెప్పాను. అతనికి బిడ్డల్ని పెంచాలని ఉండేది. స్నేహితులైన ఒక భార్యాభర్తలతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, వాళ్ళ పాపకి మూడో తల్లిదండ్రి అయ్యాడు. ఒక బిడ్డకి ఇద్దరికంటే ఎక్కువమందిని తల్లిదండ్రులుగా గుర్తించే చట్టం కాలిఫోర్నియాలో 2013లోనే చేశారు కాబట్టి అతనిది చట్టప్రకారం హోదాయే.

అక్క కాసేపు మాట్లాడలేదు. మనసులో ఆ ఇంటి గదులు లెక్కపెట్టుకుంటోందనుకున్నాను.

"ముగ్గురూ ఒకే ఇంట్లోనా?"

"ఒకే ఇంట్లోనే."

"మరి వంటెవరు చేస్తార్రా?"