బేస్‌బాల్ ప్రతిభాన్వేషణ

అమెరికాలో హైస్కూలు, కాలేజీ కుర్రాళ్ల ఆట చూసి, వాళ్లు మేజర్ లీగ్ స్థాయికి ఎదుగుతారో లేదో అంచనా వేసే వృత్తి ఇది. చేసేవారిని స్కౌట్లు అంటారు. బంతిని కొట్టడం, బలంగా కొట్టడం, పరుగు, విసురు, ఫీల్డింగ్ అనే అయిదు నైపుణ్యాలకు 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు. మేజర్ లీగ్ సగటు 50. ఒక్కోదానికి ఇప్పటి మార్కు, రేపటి మార్కు విడివిడిగా ఉంటాయి. అసలు చిక్కంతా ఆ రెండోదానితోనే. పరుగును స్టాప్‌వాచ్, విసురు వేగాన్ని రాడార్ గన్ చెప్పేస్తాయి. వంపు తిరిగే బంతిని గుర్తుపట్టి వదిలేసే ఓర్పును కొలిచే పరికరం మైదానంలో లేదు. అందుకే ఒకే కుర్రాణ్ని పలువురు స్కౌట్లు పలుమార్లు చూస్తారు.

అయినా తప్పులు జరుగుతాయి. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1988లో 62వ రౌండుదాకా ఎవరూ తీసుకోని మైక్ పియాజా 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు; 1991లో మొట్టమొదటి ఎంపికైన బ్రియన్ టేలర్, భుజం గాయం తర్వాత, మేజర్ లీగ్ ముఖమే చూడలేదు. (గాయాన్ని ముందే పసిగట్టలేదని స్కౌట్లను తప్పుపట్టడం అన్యాయమే.) మరి గణాంకాలనే నమ్మితే పోదా అన్న వాదన బలమైనదే, కానీ హైస్కూలు దగ్గర తడబడుతుంది. అక్కడి సగటులు ఎక్కువగా బలహీనమైన పిచర్ల (బంతి విసిరేవాళ్ల) మీద, లోహపు బ్యాట్లతో వచ్చినవి. గణాంకాలను నమ్ముకున్న ఓక్లాండ్ జట్టు 2002 డ్రాఫ్టులో కాలేజీ ఆటగాళ్ల వైపు మొగ్గింది ఇందుకే. ఆ జాగ్రత్తకూ మూల్యం ఉంది: తర్వాత మేటి ఆటగాడిగా ఎదిగిన మైక్ ట్రౌట్ 2009లో హైస్కూలు నుంచే వచ్చాడు, అదీ 25వ ఎంపికగా.