కారు అసలు ఖర్చెంత? ఈఎంఐ ఒక్కటే చూస్తే సరిపోదు

షోరూంలో ముందుగా వినిపించే మాట ఈఎంఐ. ఇల్లు నడిపేవాళ్లు చూడాల్సింది మాత్రం ఐదేళ్ల మొత్తం ఖర్చు. ఎక్స్‌షోరూం ధర 8 లక్షలున్న పెట్రోల్ కారు తీసుకుని లెక్క వేద్దాం.

లైఫ్ ట్యాక్స్: తెలంగాణలో ఈ ధర కారుకు 14 శాతం, అంటే 1.12 లక్షలు.

వడ్డీ: 6 లక్షల లోన్, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఈఎంఐ సుమారు 12,750. మొత్తం వడ్డీ 1.65 లక్షలు.

విలువ తగ్గుదల: చాలామంది మర్చిపోయేది ఇదే. ఇన్సూరెన్స్ లెక్కల ప్రకారం మొదటి ఏడాదికే 15 శాతం, ఐదేళ్లకు 50 శాతం విలువ పోతుంది. అంటే 4 లక్షలు.

ఈ మూడూ కలిపితే 6.77 లక్షలు. నెలకు 11,280 పైనే. బండి బయటకు తీయకపోయినా ఇది తప్పదు.

పెట్రోల్: నెలకు 800 కిలోమీటర్లు, లీటరుకు 16 మైలేజీ వస్తే 50 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 5,350.

ఇన్సూరెన్స్: కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. అది ఎదుటివాళ్ల నష్టానికే. మన కారుకు దెబ్బ తగిలితే ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. దానికి ప్రీమియం వేరు.

సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ, పార్కింగ్ ఇంకా కలపలేదు.

ఈఎంఐ, పెట్రోల్‌కే నెలకు జేబులోంచి 18 వేలు పోతాయి. బుకింగ్‌కు ముందు మూడు నెలలు ఆ 18 వేలు పక్కన పెట్టి చూడండి. స్కూల్ ఫీజు, ఇంటి అద్దె ఆగకుండా గడిస్తేనే ఆ కారు మీ బడ్జెట్‌లో ఉన్నట్టు. లేదంటే చిన్న కారో, సెకండ్ హ్యాండో చూసుకోవడమే మేలు.