పోచంపల్లి చీరా, పొలం పట్టా

పోచంపల్లి అనగానే మనకి చీర గుర్తొస్తుంది. నాకేమో చీరతోబాటు 80 ఎకరాలూ గుర్తొస్తాయి.

1951 ఏప్రిల్ 18. దున్నేవాడికే భూమి అంటూ తెలంగాణాలో సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. కాలినడకన ఆ ఊరొచ్చిన వినోబా భావేని దళిత కుటుంబాలవాళ్ళు కోరింది ఒక్కటే - బతకడానికి 80 ఎకరాలు. ఇచ్చేవారెవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది.

తరవాత వినోబా దేశమంతా తిరిగి 5 కోట్ల ఎకరాలు అడిగారు. వచ్చింది 40 లక్షల పైచిలుకు. అందులోనూ రాళ్ళూ రప్పలూ, కోర్టు తగాదాలూ ఎన్నో! ఇచ్చేవాడి మంచిమనసు ఒక్కటే చాలదండీ. పుచ్చుకున్నవాడికి ఎడ్లు కావాలి, విత్తనాలు కావాలి, చేతిలో పట్టా కావాలి.

ఇంతకీ ఆ పట్టా ఎవరి పేర? నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళు. కాగితం మీద పేరు మగవాడిది. పంచిన భూమికి భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలన్న ముక్క 1980లో మొదలైన ఆరో పంచవర్ష ప్రణాళికలోగాని కనబడదు.

బీరువాలో పోచంపల్లి చీర కింద దాచిన ఆస్తి కాగితాల్లో మీ పేరు ఎన్నిటి మీద ఉందో, ఓసారి తీసి చూడండి.